తాళి పెరిగిందంట

ధర్మవరం,
జూలై 2024.

బయమ్మ గారికి,

నేను శశికుమార్‌ని. మగ్గం కదిరప్ప కొడుకుని. ఈ పేరు మీ ఇంట్లో తల్చుకోని ఎన్నాళ్ళయిందో నాకు తెల్దు.

మీ అన్న ఓబులేసన్న పోయినాడని నాకు నిన్ననే తెలిసింది. చెనిక్కాయల మండీ పక్కన టీ తాగుతాంటే ఎవరో అనుకుంటాండారు, నల్లమాడ ఓబులేసు మే నెలలో చేన్లోనే గుండె పట్టుకోని కూలబడినాడని. గ్లాసు కింద పెట్టేసి ఇంటికొచ్చినా. మీ నెంబరు సంపాదిచ్చి ఫోన్ చేసినా. "ఎవరు" అన్నారు. "శశిని" అన్నా. కట్ అయిపాయ. సిగ్నల్ లేదేమో అని మల్ల చేసినా, మల్ల కట్. మూడోసారికి తెలిసింది, అది సిగ్నల్ పని కాదని. అందుకే జాబు రాస్తాండా. నవ్వుకోవద్దండి, పోస్టాఫీసులో కవరు అడిగితే ఆ పాప నన్ను ఎగాదిగా చూసింది.

మా నాయన పోయి ఎనిమిదేండ్లు. నా భార్య జ్యోతి పోయి మూడేండ్లు. పిల్లల్లేరు. మనిషి పోయిన ఇల్లు ఎట్లుంటాదో నాకు తెలుసు, అందుకే ఊరకుండలేక రాస్తాండా. మీరు రమ్మంటే ఒగసారి పరామర్శకు వచ్చి పోతా. వద్దంటే వద్దు.

శశికుమార్


నల్లమాడ,
ఆగస్టు.

శశికుమార్‌కు,

గారు ఏందప్పా, మీరు ఏందప్పా? నా ఒళ్ళో చెనిక్కాయలు లాక్కోని తిన్నోనివి, ఇరవై ఏండ్లకు గారు తగిలిస్తే మర్యాదస్తుడివి అయిపోతావా?

ఫోన్ కట్ చేసింది నేనే. మూడుసార్లూ నేనే. ఫోన్లో గొంతు వణికితే ఎదుటోనికి తెలుస్తాది. మా అన్న పోయిన దినం గూడ నా గొంతు వణికింది ఈ ఊర్లో ఎవరూ ఇన్లే. నీకు ఇనిపిస్తానా? చెప్పేదుంటే రాయి, బుద్ధి పుడితే జవాబిస్తా.

అన్న సంగతి చెప్తా విను. ఆయనకు పిల్లల్లేరు. తలకొరివి నేనే పెట్టినా. "ఆడబిడ్డ కొరివి పెట్టేదా, లోకం తలకిందులైందా" అని గంగాధరప్ప మామ అందరి ముందర నోరు తెరిచినాడు. "మా నాయన పోయినాక ఈ ఇంట్లో మడక పట్టి దున్నింది ఎవరు మామా? ఆ పొద్దు లోకం తలకిందులు కాలేదా?" అన్నా. కుండ భుజానికెత్తుకోని మూడు చుట్లు నేనే తిరిగినా. మా అన్నను ఊరు మెచ్చేటట్లు సాగనంపినా. నన్ను సాకింది ఆయన, ఆయనకు చేసింది నేను.

ఇప్పుడు ఇంట్లో నేను, మా వదిన ఆంజినమ్మ. ఎనిమిదెకరాలు. ఈ ఏడు నాలుగెకరాలు చెనిక్కాయ, నాలుగు కొర్ర. వాన ఒగటి పడి మొహం చాటేసింది.

పరామర్శకు రావద్దు. రావాల్సిన దినం రాలేదు నువ్వు. ఇప్పుడొచ్చి నా ముందర తల దించుకోని కూచుంటే నాకేం ఒరుగుతాది? ఎందుకు రాలేదని నేనడగను. జ్యోతి పోయినందుకు మాత్రం బాధగా ఉండాది, అది నిజంగా రాస్తాండా.

బయమ్మ


ధర్మవరం,
సెప్టెంబరు.

బయమ్మకు,

గారు తీసేసినా. మీరు గూడ తీసేసినా. ఇంగేమైనా తీసేయల్లంటే చెప్పు.

నీ జాబు చదివినంక నాకు మా నాయన గుర్తొచ్చినాడు. ఓబులేసన్న పెండ్లి చీరకు మీరు మా ఇంటికొచ్చిన దినం. చెనిక్కాయ పువ్వు రంగు కావల్లని మీ వదిన కోరిక. ముప్పై ఏండ్లు మగ్గం గుంతలో కూచున్న మా నాయన రంగేసిన పట్టు తీసి చూపిస్తే, "ఇది చామంతి రంగు పెద్దాయనా" అని మొహం మీదే అంటివి. పై వారం తడిగుడ్డలో చుట్టుకోని పూసిన చెట్టునే తెచ్చి పట్టు మీద పెడితివి. ఆయన చాన సేపు చూసి, "ఈ పిల్ల చెప్పిందే నిజంరా శశీ, మార్పిచ్చు" అన్నాడు. ఆ పొద్దునుంచి నాకు నువ్వు తప్ప ఇంగో రంగు కనపళ్ళే. మన రెండు కులాల్లో ఎవరికీ ఇష్టం లేకున్నా మా నాయన మాత్రం "మగ్గమింటికి మడకింటి పిల్ల వస్తే తప్పేముంది" అన్నాడు. ఓబులేసన్న గూడ సరే అన్నాడు. కదిరి నరసింహస్వామి గుళ్ళో కట్టేసుకోండి, నేను తోడొస్తా అన్నాడు.

రావాల్సిన దినం రాలేదన్నావే, ఆ మాట నాకు ముల్లు మాదిరి దిగింది. వచ్చినా బయమ్మా. గుడి కాడ పొద్దుగూకేదాకా నిలబడినా. పూలమ్మే ఆమె "ఎవురి కోసరం నాయనా" అని అడిగి అడిగి, ఆమే బుట్ట సర్దుకోని ఇంటికి పాయ. నువ్వు రాలే. నాకూ రోషం ఉండాది. రాని దాని గడప నేనెందుకు తొక్కల్ల అనుకున్నా. పోయి అడగరా అని నాయన చెప్పి చెప్పి విసిగినాడు. పోలే.

ఇప్పుడు నాకు నలబై నాలుగు. ఆ రోషంతో ఏం సంపాదిచ్చినానో చూస్తే ఏమీ కనపడదు. సుత్తి లేకుండ అడుగుతాండా: నన్ను చేసుకుంటావా?

శశి


నల్లమాడ,
అక్టోబరు.

శశికుమార్‌కు,

నీకు ఎంత ధైర్యం! ఎంత ధైర్యం నీకు!

గుడి కాడ నిలబడినాడంట! ఎవరి కోసం నిలబడితివయ్యా? తాళి పెరిగిందని కబురు పంపిచ్చినోడు మల్ల గుడి కాడికి ఎందుకొచ్చినట్లు? స్వామికి దండం పెట్టుకునేదానికా?

ఆ దినం ఎట్ల గడిచిందో రాస్తా, చదువుకో. తెల్లారకముందే తలకు పోసుకున్నా. మా వదిన తన పెండ్లి చీర, ఆ చెనిక్కాయ పువ్వు చీరే, నాకు కట్టింది. మల్లెలు పెట్టింది. గడపలో నిలబడినా. ముందు దినం ధర్మవరం వచ్చి నిన్ను చూసిన అన్న అప్పుడే బస్సు దిగి వచ్చినాడు. నన్ను చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. "తాళి పెరిగిందంట" అన్నాడు. అంతే అన్నాడు.

తాళి పెరిగిందంటే ఏందో ఆడపుట్టుక పుట్టిన దేనికైనా తెలుసు. తాళి తెగిందని నోటితో అనకూడదని పెరిగిందంటాం. గాజు పగిలినా పెరిగిందనే అంటాం. కట్టకముందే తెంపి పంపిచ్చినావని తెలిసింది నాకు. పూలు తీసి గడప మీద పెట్టినా. చీర మార్చుకున్నా. గొర్రు కట్టుకోని చేనికి పోయినా. నేలలో పదునుండాది ఆ పొద్దు, దాన్ని నీ కోసరం పోగొట్టుకుంటానా? సాయంత్రానికి మూడెకరాలు విత్తినా. ఆ ఏడు మా చేను పండినట్లు ఈ మండలంలో ఎవరి చేనూ పండలే. కావల్లంటే ఎవరినైనా విచారించుకో.

ఏడ్చినానని అనుకుంటాండావేమో. ఏడవలే. నన్ను కాదన్నోని కోసరం ఏడ్చే రకం కాదు మాది.

చేసుకుంటావా అని అడుగుతాడంట. సిగ్గు లేదప్పా నీకు.

బయమ్మ


ధర్మవరం,
నవంబరు.

బయమ్మా,

నీ జాబు నాలుగుసార్లు చదివినా. తర్వాత మగ్గం కాడ్నుంచి లేచి ఊరికే వీధిలోకి పోయి తిరిగొచ్చినా.

ఆ మాట నాదే. తాళి పెరిగిందని చెప్పన్నా అని నేనే ఓబులేసన్నతో చెప్పినా. కాని తెంపుకునేదానికి కాదు. విను.

మా అమ్మ నాకు మూడేండ్లప్పుడే పోయింది. ఇంట్లో నాయన, నేను, రెండు మగ్గాలు. పసుపు కుంకుమ మాటెత్తే ఆడదిక్కు లేదు. మాకు పోగు తెగితే తెగిందనే అంటాం, అతుక్కుంటాం. తెగిందాన్ని పెరిగిందంటారని నాకు ఎవరు చెప్తారు? మన పెండ్లికి ముందు దినం నాయన పెట్టె తీసి, అమ్మ మెడలోని బంగారు గుండ్లు రెండు నా చేతిలో పెట్టి, "ఆ పిల్ల తాళిలో కలుపురా" అన్నాడు. నాకు కాళ్ళు నేల మీద నిలవలే. అప్పుడే ఓబులేసన్న వచ్చినాడు. తాళి పెరిగిందని చెప్పు బయమ్మకు అని, ఎగిరి గంతేసినంత పని చేసి చెప్పినా. పెరిగింది అంటే పెరిగిందనే బయమ్మా! రెండు గుండ్లు పెరిగింది!

అసలు అర్థం ఎప్పుడు తెలిసిందో తెలుసా? పెండ్లయిన రెండో ఏడు జ్యోతి వంటింట్లోంచి వచ్చి, "తాళి పెరిగింది, రవంత దారం తీసకరాండి" అనె. నేను నవ్వుతా "ఎన్ని గుండ్లు?" అన్నా. ఆయమ్మ పిచ్చోన్ని చూసినట్లు చూసి విడమర్చి చెప్పింది. ఆ పూట నేను కూడు తినలే. ఎందుకని అడిగింది, చెప్పలే. పోయేదాకా చెప్పలే. ఆయమ్మ నన్ను బాగా చూసుకునింది, ఆయమ్మ మీద ఆ బరువు ఎందుకు పెట్టల్ల?

తప్పంతా నాది, నా తెలివితక్కువది. ఓబులేసన్న నేను చెప్పిందే చెప్పినాడు. ఆయన తప్పు ఈసమంత గూడ లేదు. ఆయన్ను ఏమీ అనుకోవద్దు నువ్వు. ఆయన మంచి మనిషి.

శశి


నల్లమాడ,
జనవరి 2025.

శశీ,

నీ జాబు వచ్చిన దినం నేను నవ్వి నవ్వి కడుపు పట్టుకున్నా. ఎన్ని గుండ్లు అని అడిగినాడంట పెండ్లాన్ని! ఒరే మొద్దూ అని పైకే అన్నా. వదినకు చదివి ఇనిపిచ్చినా. ఇరవై ఏండ్లు ఇంత చిన్న మాటకా వదినా అని కండ్లల్లో నీళ్ళొచ్చేటట్లు నవ్వినా.

వదిన నవ్వలే. లేచి పోయి కడిగిన గిన్నెలే మల్ల కడుగుతాండాది.

"ఏమి వదినా?" అన్నా.

"ఆ పిల్లోడు ఇంత మంచోడని నాకు తెల్దు బయమ్మా" అనె.

మంచోడు ఎందుకంట, మాట తెల్వని మొద్దు అంటివా ఒప్పుకుంటా అన్నా. అప్పుడు కూచోని చెప్పింది. నువ్వు మా అన్నతో చెప్పింది ఒగ మాట కాదంట. అమ్మ గుండ్లు రెండు కలిసినాయి, కంసాలి కలిపిచ్చేదానికి ఒగ దినం పడతాది, రేపు వద్దు, ఎల్లుండి పొద్దున గుడికి తీసకరా అన్నావంట. అంతా చెప్పినావంట. మా అన్న దాంట్లో మూడు ముక్కలు మాత్రం తెచ్చి నా ముందర పెట్టినాడు. నేను విత్తనం వేసిన మరునాడు గదా నువ్వు గుడి కాడ నిలబడింది?

ఎందుకు చేసినాడో గూడ చెప్పింది. "నాకు సేద్యం రాదు ఆంజినీ, ఆ పిల్ల పోతే చేను బీడైపోతాది, ఓబులేసు చేతకానోడని ఊరు నవ్వుతాది" అని ఏడ్చినాడంట ఆ రాత్రి. "ఏందన్నా అట్లంటే అని ఒగ మాట అడిగింటే చెప్పేసుందును. అడగలే. గొర్రు కట్టుకోని పాయ" అన్నాడంట. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నేను అమ్మనే అడగని దాన్ని, అన్నను అడుగుతానా? అందుకు నేను సిగ్గుపడను శశీ. అడుక్కునే ఆడదాన్నయితే నువ్వు నన్ను చూసే ఉండవు.

నా పని బాగుండాదని నన్ను కట్టేసుకున్నాడు మా అన్న. నాలుగెకరాలు నా పేరున రాయిచ్చిన దినం, చెల్లెలంటే ఎంత ప్రాణం అని ఊరంతా చెప్పుకున్నా. ప్రేమతో రాయిచ్చినాడా, పాపభయంతోనా? ఆయన ఫోటో గోడ మీంచి దించి పెట్టెలో పెట్టినా. వదిన నా కాళ్ళ కాడ కూచోని ఏడ్చింది. సంవత్సరీకం నేను చేయనని చెప్పినా. కొరివి పెట్టిన చేయే ఇది, పిండం పెట్టదు అని చెప్పినా.

ఇంగ నీ సంగతి. ఓబులేసన్న నేను చెప్పిందే చెప్పినాడు అని రాస్తివి. ఆయన మంచోడు మంచోడు అని అన్నిసార్లు రాసినప్పుడే నాకు అనుమానం రావల్సింది. ఎవరు కాపాడమన్నారు నిన్ను మా అన్న పరువు? మా అన్న నాకు సగం చెప్పినాడు. నువ్వూ సగమే చెప్పినావు. నాకు మాట మొత్తం చెప్పే మొగోడు ఈ నేల మీద పుట్టలేదా?

బయమ్మ


ధర్మవరం,
మార్చి.

బయమ్మా,

సగమే చెప్పినా. ఉన్నది దాచిపెట్టినా. నీకు మిగిలింది ఆ అన్న ఒగడే. నిన్ను గెలుచుకునేదానికి ఆయన్ను నీ దగ్గర్నుంచి లాక్కోల్నా? అట్ల గెలిస్తే నాకు తృప్తి ఉండదు. నువ్వు నన్ను మోసగాడనుకున్నా సరే, మొద్దు అనుకున్నా సరే అనుకోని రాసినా. నీకు కోపం రావడం న్యాయమే.

ఇప్పుడు మొత్తం చెప్తా. ఆ గుండ్లు నా దగ్గర లేవు. జ్యోతి మెడలో పడినాయి. పోతా పోతా వాళ్ళ చెల్లెలి కూతురికి ఇయ్యమన్నది, ఇచ్చేసినా. నీకు ఇచ్చేదానికి మా అమ్మది ఏమీ లేదు.

ఇంగొకటి. మీ అన్న మా ఇంటికొచ్చినాడు. జ్యోతి పోయిన నెల. ఎట్ల తెలిసిందో నాకు తెల్దు. మగ్గం గుంత పక్కన చాప మీద కూచున్నాడు. నోరు తెరుస్తాడు, మూస్తాడు. నేను నేస్తానే ఉండా, ఆయన చూస్తానే ఉండాడు. మధ్యాన్నం వచ్చినోడు దీపాలు పెట్టేదాకా కూచున్నాడు. పోయేటప్పుడు గడపలో నిలబడుకోని, "బయమ్మ ఇంగా ఎవర్నీ చేసుకోలేదు శశీ" అన్నాడు. నా చేయి పట్టుకున్నాడు. పట్టుకోని తల పక్కకు తిప్పుకున్నాడు. దాంతోనే నాకు తెలిసిపాయ, అప్పుడు నా మాట ఏమైందో. ఏమీ అడగలే నేను. ఆయన గూడ చెప్పలే. కాని ఆ ఒగ్గ మాట చెప్పేదానికి అంత దూరం వచ్చినాడు బయమ్మా. ఆ వయసులో, అంత రోషమున్న మనిషి.

జ్యోతి పోయి నెల కాలేదు, ఎట్ల వచ్చేది? ఆ తర్వాత ఏడాదికేడాది ఏం మొహం పెట్టుకోని పోయేది అనుకుంటా ఉండిపోయినా. ఆయన పోయినాడని ఇన్నాక ఊరకుండలేకపోయినా.

పిండం పెట్టేదీ పెట్టనిదీ నీ ఇష్టం. నేను అడ్డం రాను. నా దగ్గర ఇంగ చెప్పనిది ఏమీ లేదు.

శశి


నల్లమాడ,
జూన్ 2025.

శశీ,

జవాబు ఆలస్యమైంది. పనులుండాయి.

మా అన్న సంవత్సరీకం చేసినా. నేనే చేసినా. పిండం పెట్టేటప్పుడు "నాకు అన్యాయం చేసినావన్నా" అని గట్టిగానే అన్నా. అయ్యవారు మంత్రం ఆపి నా మొహం చూసినాడు. "నువ్వు కానీ సామీ, ఇది మా ఇంటి మాట" అన్నా. తర్వాత, "ధర్మవరం దాకా పోయొచ్చినావంట గదా, అది గూడ తెలిసిందిలే" అన్నా. అప్పుడు ఏడుపొచ్చింది. అందరి ముందర ఏడ్చినా. గంగాధరప్ప మామ చూసినాడు, చూడనీ. ఫోటో మల్ల గోడకు తగిలిచ్చినా. తప్పు చేసినాడు మా అన్న. మా అన్నే.

మీ అమ్మ గుండ్లు జ్యోతివి. ఆయమ్మ ఇచ్చిన చోట ఉండనీ. నా మెడకు పసుపుకొమ్ము చాలు.

విత్తనాల గదిలో మూటలు తీసేసి నేలలో గుంత తవ్వినా. మనిషి కాళ్ళు దించుకోని కూచుంటే నడుము దాకా వచ్చేటట్లు. మా నేల సంగతి నీకు తెల్దు, గడ్డపార వేస్తే నిప్పులొస్తాయి. కూలోల్లను పిల్చలే, నేనే తవ్వినా. వదిన మట్టి ఎత్తి పోసింది. కొలత తప్పయితే నువ్వు సరి చేసుకో, మగ్గం నీది. నేను చేను ఇడ్సి ధర్మవరం రాను, అది ముందే చెప్తాండా. వదినను గూడ ఇడ్సను. ఆ గుంత కత ఊరికి తెలిసిపాయ. మామ మల్ల నోరు తెరిచినాడు, "నలబై రెండేండ్లకు పెండ్లి, దానికి తోడు ఇల్లరికం అల్లుడా" అని. "అవును మామా, నేసేటోడు. మీ ఇంట్లో ఒగడన్నా ఉండాడా?" అన్నా. చుట్టూ ఉన్నోల్లు నవ్వినారు. నాకు గూడ నవ్వొచ్చింది.

నిన్న మంచి వాన పడింది. పదునైంది. రేపు విత్తుతాం. నాలుగు దినాలు పడతాది. అయినంక ఏ దినమైనా సరే. కదిరి బస్సు వచ్చే చోట నేనే నిలబడుకోనుంటా, తలకు పోసుకోని, పూలు పెట్టుకోని, ఊరు ఊరంతా చూసేటట్లు.

పోయినేడు నువ్వొక మాట అడిగితివి. దానికి సరే అని రాయొచ్చు. రాయను. ఒప్పుకునేదాంట్లో ఏముంది గొప్ప? ఎవర్నీ ఏదీ అడగని నోరు ఇది. నాయన పోయిన పొద్దు గూడ అన్నం పెట్టమని ఎవర్నీ అడగలే. ఆ నోటితోనే నేనే అడుగుతాండా.

శశీ, నన్ను చేసుకుంటావా?

బయమ్మ